పాశ్చాత్య గదుల్లో ఆసియా పనితనాన్ని గుర్తుపట్టడం ఎలా

లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో మ్యూజియంకు వెళ్లి 17, 18 శతాబ్దాల నాటి సంపన్నుల గృహోపకరణాలను చూస్తే, తెరల మీద పూలకొమ్మలు, బీరువాల మీద పగోడాలు, కుర్చీల వీపులో జాలీ పని కనిపిస్తాయి. వాటిలో ఏది ఆసియాలో తయారై ఓడ ఎక్కిందో, ఏది యూరప్ వడ్రంగి ఆసియా వస్తువును చూసి చేసినదో తేల్చుకోవాలంటే బొమ్మను మాత్రం ఆధారంగా తీసుకోకండి. బొమ్మలు రెండు దిక్కులా ప్రయాణించాయి. ఎర్రని నేల ఉన్న అద్దకం దుప్పట్లను తమ కొనుగోలుదారులు అంతగా ఇష్టపడడం లేదనీ, తెల్లని నేల ఎక్కువగా ఉండాలనీ ఈస్టిండియా కంపెనీ లండన్ అధికారులు 1643లోనే సూరత్‌కు రాసి పంపారు. కాబట్టి వాడిన పదార్థాన్ని, పని జరిగిన పద్ధతిని చూడండి.

ముందు బట్ట దగ్గర ఆగండి. యూరప్ పడకగదులను తొలుత మార్చింది మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టే. పడక మీద పరిచేందుకు, చుట్టూ వేలాడదీసేందుకు వాడిన పలంపోర్‌లకు మచిలీపట్నం పేరుపొందింది. కరక్కాయ, పాలు పట్టించిన నూలుబట్ట మీద కలంతో గీతలు గీసి, ఎరుపు రావలసిన చోట పటిక పూసి, చిరివేరుతో ఉడికించేవారు. నీలం అక్కరలేని భాగాన్నంతా మైనంతో కప్పి నీలిమందులో ముంచేవారు. ఆకుపచ్చ కోసం ఆ నీలం మీద పసుపు రంగు వేసేవారు. ఈ వరుస మనసులో ఉంటే గుర్తుపట్టడం సులభమవుతుంది. ఎర్రని పువ్వు లోపల వెంట్రుకంత సన్నని తెల్లగీతలు కనిపిస్తే, అవి రంగు అంటకుండా మైనంతో గీసినవి. ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే రెంటినీ పోల్చండి. చేతిపనిలో అవి అచ్చుగుద్దినట్లు ఉండవు. ఆకులు నీలంగా ఉండడాన్ని మాత్రం గుర్తుగా పట్టుకోకండి. పైన వేసిన పసుపు వెలిసిపోవడం వల్ల అలా కనిపిస్తాయి. యూరప్ అద్దకాల్లోనూ అదే జరిగింది గనుక అది బట్ట వయసును సూచిస్తుందే తప్ప పుట్టిన చోటును చెప్పదు.

యూరప్ అద్దకానికి వేరే గుర్తులున్నాయి. చెక్క అచ్చుతో వేసిన బట్ట మీద నమూనా నిర్ణీత దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంది, అచ్చును సరిగా కూర్చడానికి వాడిన సూదిమొనల చుక్కలు అక్కడక్కడా మిగిలి ఉంటాయి. ఒకే రంగులో, సన్నని చెక్కుడు గీతలతో పెద్ద దృశ్యాలు ఉంటే అది 1752 తర్వాత వ్యాపించిన రాగిరేకు ముద్రణ. అన్నిటికంటే గట్టి ఆధారం బట్ట అంచులో ఉంటుంది: అంచు నేతలో మూడు నీలి దారాలు కనిపిస్తే అది 1774 నుంచి 1811 వరకు అమలైన చట్టం ప్రకారం బ్రిటన్‌లో నేసిన నూలుబట్ట. మన బట్ట మీద ఆ దేశం పెట్టిన నిషేధాలు ఎంత కఠినమైనవో తెలియాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, నటుడు డేవిడ్ గారిక్ ఇంటి పడకను చూడండి. కలకత్తా వ్యాపారులు గారిక్ దంపతులకు కానుకగా పంపిన కోరమాండల్ బట్టను 1775లో సుంకాధికారులు స్వాధీనం చేసుకున్నారు.

తర్వాత నల్లగా మెరిసే బీరువాలు, పెట్టెల దగ్గరికి రండి. చైనా, జపాన్ లాకర్ ఒక చెట్టు పాలతో వేసే పూత. ఆ చెట్టు యూరప్‌లో పెరగదు గనుక, అక్కడివారు మన దేశం నుంచి వెళ్లిన లక్కను సారాయంలో కరిగించి పూసి ఆ మెరుపు తేవడానికి ప్రయత్నించారు. స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు 1688లో ఆ విద్య మీద పుస్తకమే అచ్చువేశారు. అసలు లాకర్ లోతుగా, నిండుగా కనిపిస్తుంది. లక్కపూత కాలక్రమంలో పసుపుబారి బీటలు వారుతుంది. బొమ్మల అంచులను కూడా తప్పక పరిశీలించండి. మనిషి సగానికి తెగి ఉంటే, చెట్టు అడ్డంగా పడి ఉంటే, లాకర్ పూసిన చైనా మడత చెక్కతెరను కోసి యూరప్ బీరువాకు అతికించారని అర్థం. మన తీరపు రేవుల మీదుగా వెళ్లినందుకు కోరమాండల్ పేరు మోస్తున్న చైనా తెరలు ఎన్నో ఇలా రంపం పాలయ్యాయి. ఎంతో ఓర్పుతో చేసిన ఆ పనిని అలా ముక్కలు చేయడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆకారం ఇంగ్లిష్‌ది, పనితనం మనది అయిన ఉపకరణాలు విశాఖపట్నంలో తయారయ్యాయి. ఏనుగు దంతపు రేకుల మీద పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపిన కుర్చీలు, పెట్టెలు, రాతబల్లలు కనిపిస్తే, వాటి అంచు తీగలను పలంపోర్ తీగలతో పోల్చి చూడండి. పోలిక స్పష్టంగా తెలుస్తుంది. వీటిని చూసి ఆనందించాలే గాని కొనాలని చూడకండి, దంతం వ్యాపారం మన దేశంలో నిషిద్ధం.

కుర్చీల విషయానికి వస్తే, ఇంగ్లండ్ వడ్రంగి థామస్ చిప్పెండేల్ 1754 నాటి నమూనా పుస్తకంలోని చైనా తరహా జాలీ కుర్చీల వద్ద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. లోతైన ప్రభావం డెన్మార్క్ రూపశిల్పి హన్స్ వెగ్నర్ పనిలో ఉంది. ఆయన చైనాను మింగ్ వంశం ఏలిన కాలపు కుర్చీలను ఆధారం చేసుకుని 1944లో చైనా కుర్చీని, 1949లో వీపు భాగంలో వై ఆకారపు పట్టీ ఉన్న కుర్చీని రూపొందించారు. రెండో కుర్చీలో అలంకారం ఏమీ ఉండదు. చేతులు, వీపు ఒకే వంపులో కలిసిపోవడం ఒక్కటే చైనా నుంచి వచ్చింది. ఆ వంపు వెంట వేలితో తడిమి చూడండి: చైనా పాత కుర్చీలో మూడు లేదా ఐదు ముక్కలను కలిపిన అతుకులు తగులుతాయి, వెగ్నర్ రెండో కుర్చీలో ఆవిరితో వంచిన ఒకే కర్ర ఉంటుంది.