నెమలినార పాఠం – 3: ముందు మొగ్గ వెతకండి

ఇంగ్లీషులో ఇండియన్ ఎల్మ్ అనే మన దేశపు చెట్టే నెమలినార. పోయిన పాఠంలో దాని కొమ్మ గుర్తుపట్టి ఫోటో తీయమంటే తిరుపతి నుంచి వచ్చినవాటిలో చాలావరకు కానుగే. కాబట్టి నాటడం కాస్త వెనక్కి జరిగింది.

రెండింటి ఆకూ అండాకారమే, అంచు నున్నన. నలిపితే రెండూ వాసన కొడతాయి, అందుకే వాసనను నమ్మొద్దు. ఆకు కాడ రెమ్మకు అతికిన మూలలో చిన్న మొగ్గ ఉంటుంది, దాన్ని వెతకండి. నెమలినారలో ఒక్కో ఆకు మూలలోనూ అది కనబడుతుంది. కానుగలో మీరు ఆకు అనుకున్నదాని మొదట్లో ఉండదు. అలాంటివి ఐదో ఏడో మోసే పొడవాటి కాడ రెమ్మను తాకే చోట ఉంటుంది. అంటే ఆ ఐదో ఏడో అన్నీ కలిస్తేనే ఒక ఆకు. రాలిన ఆకు ఫోటోతో ఇది తేలదు, రెమ్మతో సహా పంపాలి. లేత మొక్కకూ, నరికిన మోడు చిగుళ్లకూ నెమలినార ఆకు అంచున పళ్లుంటాయి. అవి చూసి వేరే చెట్టనుకోకండి.

కొందరు పంపిన కాయ ఎర్రచందనానిది. శేషాచలం పక్కనే ఉన్నాం మరి! అదీ గుండ్రమే, చుట్టూ రెక్కే, కానీ నడుమ గింజ గట్టిగా ఉబ్బి ఉంటుంది. నెమలినార కాయ సుమారు 2.5 సెం.మీ., కాగితమంత పలచన, కొసన చిన్న గాటు. బెరడు సంగతి వదిలేయండి, లేత చెట్టులో అదేమీ చెప్పదు.

విత్తనం ఏప్రిల్, మేలలో రాలే కాయే. ఎండి రంగు మారినవి ఏరి, నడుమ నొక్కి చూడండి. గింజ తగలకపోతే తాలు. నిల్వ ఉంచేకొద్దీ మొలక తగ్గుతుంది, వెంటనే చల్లాలి. రెక్క తీయక్కర్లేదు. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, గింజ మీద 1 సెం.మీ. మించకుండా కప్పి, పలచని నీడలో ఉంచండి. లోతెక్కువైతే మొలక పైకి రాదు.

చెట్టు 15 మీటర్లు దాటుతుంది, కరెంటు తీగల కింద వద్దు. ఆకు రాలిన కొమ్మలకు జనవరి, ఫిబ్రవరిలో పూసే పూల పుప్పొడి ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. పడకగది కిటికీ పక్కన, ఆస్పత్రి ఆవరణలో పెట్టొద్దు. పార్కు మూల మేలు. 60 సెం.మీ. గుంతలో అక్టోబరు వానకు నాటడమే నాకిష్టం, జులైలో పెడితే వాన ఆగినప్పుడల్లా నీళ్లు మోయాలి.

అభ్యాసం: 90 గింజలు ఏరండి. 30 ఈ రోజే, ఇంకో 30 ఒక నెల తర్వాత, మిగతా 30 రెండు నెలల తర్వాత చల్లి, ఏ ట్రేలో ఎన్ని మొలిచాయో రాయండి.