కీమో తర్వాత లేచిపోయిన గోళ్లు: పార్లర్‌లో నాకు పనిచేసిన పద్ధతి

భీమవరం చుట్టుపక్కల నుంచి కీమో (క్యాన్సర్ మందుల చికిత్స) పూర్తయి వచ్చే ఆడవాళ్లలో డోసెటాక్సెల్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఎక్కించుకున్నవాళ్లకి గోరు చివర నుంచి లేవడం మామూలే. గోరు మీద పడే అడ్డగీతలు గోరుతోపాటే పెరిగిపోతాయి, వాటిని అరగదీయకూడదు.

డాక్టరు సరేనన్నాకే చెయ్యి పడతాను. నానబెట్టడం పూర్తిగా మానేశాను. లేచిన గోరు కింద తడి నిలిస్తే ఫంగస్ చేరుతుంది, లేదా బ్యాక్టీరియా వల్ల ఆకుపచ్చ మరక వస్తుంది. పొడి గోరునే, లేచిన మేరకే, నొప్పి తగలకుండా కత్తిరించి 240 గ్రిట్ (నున్నటి గరుకు) ఫైలుతో ఒకే వైపుకి గీస్తాను. ఆ ఫైలు ఆవిడకే ఇచ్చేస్తాను. గోరు కింద పుల్ల పెట్టను, క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మం) ముట్టను. అక్కడ చిన్న గాటు పడినా ఇన్ఫెక్షన్‌కి దారే. జెల్, అక్రిలిక్, అసిటోన్ వద్దు. రాత్రిపూట గోరు మొదట్లో చుక్క కొబ్బరినూనె చాలు.

రొయ్యలు ఒలిచేవాళ్లయితే నూలు గ్లవ్స్ మీద రబ్బరువి తొడుక్కోవాలి. ఆషాఢం గోరింటాకు అంటారా, గోరు గట్టిగా అతుక్కున్నాకే; నల్ల కోన్లు అప్పుడు కూడా వద్దు. చీము, వాసన, వాపు కనిపిస్తే పని ఆపి ఆస్పత్రికి పంపుతాను.

చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పూర్తిగా కొత్తది రావడానికి 6 నెలలు, కాలి బొటనవేలికి ఏడాది పైనే.