సంఘంలో ఐక్యతను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి

డిసెంబరు వచ్చిందంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఐక్య క్రిస్మస్ సభలు జరుగుతాయి. వేదిక మీద ఎవరి కుర్చీ మధ్యలో ఉండాలి, కరపత్రంలో ఏ పాస్టరు గారి పేరు ముందు రావాలి అన్న చోటనే సంఘాల మధ్య మనస్పర్థలు మొదలవడం నేను చాలా ఏళ్లుగా బాధతో చూస్తున్నాను. ఐక్యత కోసం పెట్టుకున్న సభే కలహానికి కారణమవుతున్నదంటే, మనం పనిని తప్పు చోట మొదలుపెడుతున్నామని అర్థం. ఒకరికొకరు లోబడి పరిచర్య చేసే అలవాటు ముందు సొంత సంఘంలో కుదురుకోవాలి.

మొదట సంఘ పెద్దలందరూ కలిసి బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరి సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, రెండవ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. ఆయన దానిని చెరలో, బంధకాల్లో ఉండి రాశాడు. ఆ సంఘంలో సువార్త పనిలో ఆయనతోపాటు ప్రయాసపడిన యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగలేదని నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఆయన ఎవరి పక్షమూ వహించక, ఏకమనస్సు కలిగి ఉండమని ఇద్దరినీ బతిమాలుకొని, వారికి సహాయం చేయమని మరొకరిని కోరాడు. ఎదుటివానిని "తనకంటె యోగ్యుడని" ఎంచమన్న మాట ఇలాంటి సంఘానికే అందింది. కాబట్టి ప్రతి కమిటీ సమావేశానికి ముందు ఒక్కొక్కరు తమ పక్కన కూర్చున్నవారు ఆ నెలలో చేసిన ఒక మంచి పనిని పేరు పెట్టి చెప్పాలి. తమకు గిట్టనివారి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మొదట నోరు పెగలదు, అయినా ఈ పద్ధతిని మానకండి.

తరువాత, మీ మందిరంలో ఎవరూ గుర్తించని పనులన్నీ ఒక కాగితం మీద రాయండి: తివాచీలు పరచడం, చెప్పులు సర్దడం, మరుగుదొడ్డి కడగడం, ప్రేమ విందు తరువాత బగోనెలు తోమడం. ఈ పనులు ఏళ్ల తరబడి ఎవరు చేస్తున్నారో వాటి పక్కన పేర్లు రాస్తే, అవే నాలుగైదు పేర్లు, ఎక్కువగా పేద ఇళ్ల స్త్రీల పేర్లు కనిపిస్తాయి. చివరి రాత్రి భోజనపు బల్ల దగ్గరే తమలో ఎవరు గొప్పవాడన్న వివాదం శిష్యుల మధ్య పుట్టిందని లూకా రాశాడు. అదే రాత్రి యేసు ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని వారి పాదాలు కడిగాడని యోహాను రాశాడు. ఈ రెండు సువార్తలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆ వివాదానికి జవాబు ఆ పళ్లెంలోని నీళ్లలోనే కనిపిస్తుంది. గుడ్ ఫ్రైడేకు ముందు రోజైన పరిశుద్ధ గురువారం నాడు ఒక్కసారి పాదాలు కడిగి ఊరుకోవడం చాలదు. నెలవారీ వంతుల పట్టిక వేసి, అందులో మొదటి వారం పాస్టరు గారికి, రెండవ వారం కోశాధికారికి కేటాయించండి. మా సంఘంలో ఏడాదికి పైగా మాటలు లేని ఇద్దరు పెద్దలు ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకే బోరింగు దగ్గర బగోనెలు కడగవలసి వచ్చింది. ఒకరు బోరింగు కొడితేనే మరొకరికి నీళ్లు వస్తాయి కనుక, వారు మాట్లాడుకోక తప్పలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎఫెసీ పత్రిక ఐదవ అధ్యాయం "ఒకనికొకడు లోబడియుండుడి" అంటున్నది; అధికారం ఉన్నవారికి మాత్రమే మిగిలినవారు లోబడాలని అనడం లేదు. కానుకల లెక్క అడిగిన యువకునికి, అన్యాయం జరిగిందని చెప్పుకొన్న సోదరికి ఈ వచనం చూపించి నోరు మూయించడం పాపమని నేను నమ్ముతున్నాను. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ ఆహార పంపకంలో, నిర్లక్ష్యం జరిగినప్పుడు, అపొస్తలులు ఆ ఫిర్యాదును తిరుగుబాటుగా చూడలేదు. ఆ పని చూడడానికి ఏడుగురిని ఏర్పరచమన్నారు; వారి పేర్లు, స్తెఫను నుంచి నీకొలాసు వరకు, అన్నీ గ్రీకు పేర్లే. అంటే పంపకం బాధ్యత నొచ్చుకొన్నవారి వైపుకే వెళ్లిందని తెలుస్తుంది. మన సంఘాల్లో కులాన్ని బట్టి కమిటీ పదవులు, కూర్చునే వరుసలు సైతం చీలిపోయిన చోట ఇదే పద్ధతి పాటించాలి: వెనుక వరుసలో ఉన్నవారి చేతికి లెక్కల పుస్తకం ఇవ్వండి.

ఇద్దరి మధ్య తగవు వస్తే మత్తయి పద్దెనిమిదవ అధ్యాయం చెప్పిన వరుస తప్పకండి: మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని వెళ్లాలి, చివరికే సంఘానికి చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఈ వరుసలో ఎక్కడా లేదు. ఉపవాస ప్రార్థనలో ఎదుటివారి తప్పును ప్రార్థన రూపంలో అందరికీ వినిపించడం కూడా దూషణే.

పొరుగు సంఘాలతో కలవడం ఈ సాధన తరువాతి మెట్టు. మనకు సమీపంలోని డోర్నకల్‌లో దానికి మంచి ఉదాహరణ ఉంది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన సంఘాల ఏకీకరణ ప్రయత్నంలో ముందు నిలిచి, దాని ఫలితమైన దక్షిణ ఇండియా సంఘాన్ని (సి.ఎస్.ఐ.) చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. తాను కోయని పంటకు విత్తనం వేయడానికి ఇష్టపడేవారు ప్రతి సంఘంలోనూ కొందరు కావాలి.

బాప్తిస్మం, బల్లారాధన విషయాల్లో ఉన్న భేదాలను దాచిపెట్టవద్దు; వాటిని మర్యాదగా చెప్పుకొని, కలిసి చేయగల పనిని ఎంచుకోండి. జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యత కోసం ఎన్నో దేశాల్లో ప్రార్థించే వారం అందుకు అనువైన సమయం. ఆ వారంలో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవారికి ఒక పూట భోజనం పెట్టాలని రెండు మూడు సంఘాలు కలిసి నిర్ణయించుకోవచ్చు. బ్యానరు మీద మీ సంఘం పేరు వేయించవద్దు. వంట ఖర్చులో మీ వంతును మాత్రం అందరికంటే ముందు చెల్లించండి, వడ్డన పూర్తయ్యాక విస్తళ్లు ఎత్తే పనిని అడిగి తీసుకోండి.