రేడియేషన్ డిటెక్టర్‌కు టెస్టులు రాద్దాం – 4వ పాఠం: కుదరని జతలు

పోయిన పాఠంలో లోడు, బండి, రేడియోధార్మిక మూలం, డిటెక్టర్ అని తరగతులు (క్లాసులు, అంటే వస్తువుల రకాలు) రాసుకున్నాం. కాకినాడ రేవు గేటు దగ్గర రేడియేషన్ పోర్టల్ (రెండు పక్కలా డిటెక్టర్ స్తంభాలున్న ద్వారం) ఉందనుకుని, ఆ స్తంభాల మధ్య నుంచి వెళ్ళే లారీలకు టెస్టులు తయారుచేస్తున్నాం. ఆరు రకాల లోడు, నాలుగు రకాల బళ్ళు, ఎనిమిది మూలాలు, మూడు వేగాలు. గుణిస్తే 576. అందులో చాలా వరకు చెత్తే. ట్యాంకర్‌లో అరటి గెలలు ఎవరు వేస్తారు?

ఈ చెత్తను ఏరేయడానికే మనకు ఆంటాలజీ, అంటే ఏ వస్తువులున్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన పట్టిక. ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజేలో కొత్తవాళ్ళు తికమకపడేది కూడా ఇక్కడే. ‘ట్యాంకర్ ద్రవాలనే మోస్తుంది’, ‘అరటి ఘనపదార్థం’ అని రాసి, ‘అరటి మోసే ట్యాంకర్’ అనే తరగతి పెట్టి రీజనర్‌ను (రాసిన మాటలు ఒకదానితో ఒకటి పొసగుతాయా అని చూసే ప్రోగ్రామ్‌ను) నడపండి. కిక్కురుమనదు. ద్రవం, ఘనం వేరువేరని మీరు చెప్పలేదుగా! చెప్పని మాటను ఓడబ్ల్యూఎల్ (ఆంటాలజీలు రాసే భాష) అబద్ధం కింద లెక్కవేయదు, తెలియదని ఊరుకుంటుంది. ఆ రెండింటినీ డిస్‌జాయింట్ (ఒకే వస్తువు రెండూ కాలేదు) అని ప్రకటించి మళ్ళీ నడపండి. అరటి ట్యాంకర్ ఎర్రబడుతుంది, అంటే అలాంటిది ఉండటం అసాధ్యమని.

మిగిలిన జతలకు జవాబు కావాలి. ఏ అలారం మోగాలో రాయకపోతే అది టెస్టే కాదు. రావులపాలెం నుంచి వచ్చే అరటి లారీనీ, పొటాష్ ఎరువు లారీనీ తీసుకోండి. రెండింట్లోనూ పొటాషియంలో సహజంగా ఉండే రేడియోధార్మిక రకం, పొటాషియం-40 ఉంది, 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గామా కిరణాలు ఇస్తుంది. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విఘటనలు. 50 కిలోల పొటాష్ బస్తాలో సగం దాకా పొటాషియమే, అంటే ఒక్క బస్తాకే సెకనుకు ఏడున్నర లక్షలకు పైగా విఘటనలు. లారీడు గెలల్లో ఉన్నదంతా కలిపినా రెండు మూడు బస్తాల పాటి. కాబట్టి ‘పొటాషియం ఉంది’ అంటే చాలదు, ఎంత ఉందో రాయాలి. (అరటిపండులో రేడియేషన్ అంటూ వాట్సాప్‌లో భయపెట్టే బంధువులకు కూడా ఈ లెక్క పంపొచ్చు.)

పొటాష్ లారీకి గామా అలారం మోగితే, స్పెక్ట్రమ్‌లో (ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వచ్చాయో చూపే గ్రాఫులో) ఆ 1460 శిఖరం తప్ప ఇంకేమీ లేదని చూసుకుని పంపేయొచ్చు. న్యూట్రాన్ అలారం కూడా మోగిందా, ఆపాల్సిందే. పొటాషియం-40 న్యూట్రాన్లు ఇవ్వదు, ప్లుటోనియం ఇస్తుంది. ఎరువే కదా అని వదలకూడదు. ఈ నియమం ఒక్కసారి రాస్తే ఎరువుల లోడున్న ప్రతి టెస్టుకూ జవాబు దానంతటదే వస్తుంది.

అభ్యాసం: లారీ క్లీనర్ ఆసుపత్రిలో టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే స్కాన్ చేయించుకుని వచ్చాడు. దాని అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) 6 గంటలు. మూలం లోడులో లేదు, క్యాబిన్‌లో ఉంది. అంటే స్థలం, కాలం అని రెండు గుణాలు చేర్చాలి. స్కాన్ అయిన 6, 24, 72 గంటలకు మూడు టెస్టులు రాయండి. 24 గంటలకు పదహారో వంతు మిగులుతుంది, మిగతా రెండూ మీరు కట్టండి.