సూక్ష్మదర్శినితో స్వయంశిక్షణ – నాలుగో పాఠం: వంతెన ఉన్న కణం

గత పాఠంలో ఉల్లిగడ్డను టీ గ్లాసు అంచున నిలబెట్టి, వేర్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక వాటి కొనలను ఉదయం పూట కోసి, ఆసిటోకార్మైన్‌తో రంగు పట్టించి స్లైడు చేయడం నేర్చుకున్నాం. నల్లా నీటిని ఒక రాత్రి తెరచి ఉంచి వాడమన్నాను. ఎండాకాలపు హైదరాబాదులో నీటిని రోజూ మార్చకపోతే వేర్లు కుళ్లిపోతాయని కూడా చెప్పాను. ఆరో పాఠంలో నాగోలు వంతెన దగ్గరి మూసీ నీటిలో పెంచిన వేర్లను, నల్లా నీటిలో పెంచిన వేర్లతో పోల్చి చూడబోతున్నాం. అయితే ఆ పోలికకు విలువ ఉండాలంటే, విభజన ముగింపులో ఉన్న కణాన్ని చూసినప్పుడు అది సజావుగా విడిపోతున్నదో, చిక్కుపడిందో తేల్చుకోగల చూపు ముందుగా అలవడాలి.

స్లైడును మొదట 10 రెట్ల వస్తుకటకం కింద పెట్టి, కణాలు చిన్నవిగా, నలుచదరంగా, దగ్గర దగ్గరగా ఉన్న చోటును వెదకండి. పొడవాటి కణాలు కనిపిస్తే మీరు వేరు కొన దాటి పైకి వెళ్లారన్న మాట. ఆ తరువాత 40 రెట్ల కటకానికి మారండి. ఉల్లి కణంలో ఉండేవి 16 క్రోమోజోములే, అవి కూడా పెద్దవి కావడం వల్ల మనవంటి వారికి ఇంతకన్నా అనువైన మొక్క దొరకదు. చలన దశలో క్రోమోజోములు రెండు గుంపులుగా కణం చెరో కొన (ధ్రువం) వైపు సాగుతుంటాయి. ముందు సెంట్రోమియర్లు, అంటే క్రోమోజోమును లాగే పోగులు పట్టుకొనే చోట్లు, నడుస్తుంటే, వాటి వెనుక క్రోమోజోముల భుజాలు తడిసిన చీర కొంగుల్లా ఈడ్చుకుపోతుంటాయి. కొత్తవారి కన్ను సహజంగానే ఆ ఎర్రని గుంపుల మీద నిలుస్తుంది, కాని మీరు చూడవలసింది వాటి నడుమ ఉన్న ఖాళీని. అక్కడ ఏమీ లేకపోతే కణం బాగున్నట్టే. ఒంటరి క్రోమోజోము ఒకటి మిగిలిపోయి ఉంటే అది వెనుకబాటు. ఒక గుంపు నుంచి మరో గుంపు దాకా తెగకుండా సాగిన ఎర్రని పోగు ఉంటే అది వంతెన.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను: మొదటిసారి ఒకే స్లైడులో తొమ్మిది వంతెనలు లెక్కపెట్టి సంబరపడితే, మరునాడు మళ్లీ చూసేసరికి వాటిలో నిలిచింది ఒక్కటే. మిగిలినవన్నీ రెండు వైపుల నుంచి వచ్చిన పొడవాటి భుజాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసినట్టు కనిపించినవే. తేడా తెలియాలంటే సూక్ష్మ సర్దుబాటు మరను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ తిప్పండి. భుజాలే అయితే ఒకదాని కొన స్పష్టమయ్యే సరికి రెండోదాని కొన మసకబారుతుంది, రెంటి చివరలూ విడివిడిగా తేలుతాయి. నిజమైన వంతెనకు మధ్యలో కొన అనేదే ఉండదు. చాలాసార్లు నడుమ సన్నబడి, లాగి పట్టిన దారంలా ఉంటుంది. అనుమానం తీరని కణాన్ని లెక్కలో వేయకండి.

ఇంతకీ వంతెన ఎలా పుడుతుంది? విరిగిన రెండు క్రోమోజోముల కొనలు అతుక్కుపోతే, ఆ ఒక్కదానికి రెండు సెంట్రోమియర్లు వస్తాయి. వాటిని చెరో ధ్రువం లాగితే నడుమ భాగం సాగి నిలుస్తుంది. ఇది తెగడం, తెగిన కొనలు మళ్లీ అతుక్కోవడం, మళ్లీ వంతెన కావడం అనే చక్రాన్ని బార్బరా మెక్‌క్లింటాక్ 1930ల చివర మొక్కజొన్నలో వివరించారు.

కణానికి ఇంతకు ముందే ఒక తనిఖీ ఉంది గదా, అది దీన్ని ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న మీకు రావాలి. చలన దశకు ముందు క్రోమోజోములు కణం నడుమ వరుసకట్టే మధ్యస్థ దశలో, ప్రతి కైనెటోకోరుకూ (సెంట్రోమియర్ మీద పోగు తగులుకొనే ప్రోటీన్ల దిమ్మెకు) క్రోమోజోమును లాగే కండె పోగు తగులుకుందా లేదా అని కణం చూసుకుంటుంది. తగులుకోనిది ఒక్కటి మిగిలినా అక్కడ మాడ్2 వంటి ప్రోటీన్లు చేరి, సీడీసీ20 అనే సహాయక ప్రోటీనును కట్టిపడేసి, జంట క్రోమాటిడ్లను, అంటే ఒకే క్రోమోజోము రెండు ప్రతులను, విడదీసే ఎంజైము మేలుకోకుండా ఆపుతాయి. కాని ఆ తనిఖీ మన ఆర్టీసీ కండక్టరు వంటిది: టికెట్టు ఉందా అని చూస్తాడు గాని, మీరు ఎక్కవలసిన బస్సు ఇదేనా అని అడగడు. రెండు సెంట్రోమియర్లున్న క్రోమోజోముకూ పోగులు తగులుకొనే ఉంటాయి. ఒకే కైనెటోకోరును రెండు ధ్రువాల పోగులూ పట్టుకున్నప్పుడు కూడా అది ఖాళీగా లేదు కనుక దాటిపోతుంది. వెనుకబాటు క్రోమోజోములు ఎక్కువగా అలా వచ్చినవే.

అందుచేత ఆఖరి అడ్డుకట్ట ఒకటి అవసరమైంది. జంతుకణం నడుమ నొక్కుకొని రెండుగా కాబోతున్నప్పుడు పిల్లకణాల మధ్య సన్నని గొట్టం వంటి లంకె మిగులుతుంది. దాన్ని తెంచే పని ఎస్కార్ట్-3 అనే ప్రోటీన్ల ముఠాది. అవి లోపల చుట్లుగా పేరుకొని గొట్టాన్ని బిగిస్తాయి. ఆ లంకెలో డీఎన్ఏ చిక్కుకొని ఉంటే అరోరా-బి అనే కైనేజు (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) చల్లబడకుండా పనిచేస్తూనే ఉండి, సీహెచ్ఎంపీ4సీ అనే ముఠా సభ్యునికి ఫాస్ఫేటు తగిలించి కోతను నిలుపుతుంది. ఈస్టులో ఈ ఏర్పాటు 2006లోను, మానవ కణాల్లో 2009లోను వెలుగు చూశాయి. సీహెచ్ఎంపీ4సీ పాత్ర 2012లో తేలింది. ఇది తప్పును సరిదిద్దే యంత్రాంగం కాదని గుర్తుంచుకోండి. వంతెన తొలగేందుకు వ్యవధి ఇవ్వడమే దాని పని. వంతెన ఉన్న మానవ కణాల్లో అరోరా-బిని మందుతో అణచివేస్తే, నొక్కు వెనక్కి పోయి రెండు కేంద్రకాలతో ఒకే కణం మిగలడం కూడా చూశారు.

ఈ గొట్టం కోసం మీ ఉల్లి స్లైడులో వెదకవద్దు. మొక్క కణం నొక్కుకోదు. నడుమ కణఫలకం మొలిచి అంచుల వైపు పెరిగి గోడ అవుతుంది. కాబట్టి పై పేరాలోని వివరాలను ఉల్లికి అంటగట్టకూడదు. ఉల్లిలో మనకు కనిపించేది చిక్కు మాత్రమే, చిక్కును కాచుకొనే కాపలా కాదు.

ఈ వారం నల్లా నీటి వేర్ల స్లైడులోనే చలన, అంత్య దశల్లో ఉన్న 50 కణాలను వెదకి, ఒక్కొక్కదాని నడుమ ఖాళీని పెన్సిలుతో గీయండి. ఒక్క వంతెనా దొరకకపోవచ్చు; మంచి నీటిలో పెరిగిన వేరులో అది మామూలే, ఆ సున్నాను కూడా నోటుపుస్తకంలో తేదీతో సహా రాయండి. ఐదో పాఠానికి ఆ 50 బొమ్మలూ కావాలి.