పైలట్ల తోలు జాకెట్: 4వ పాఠం – విప్పకుండా కొలత తీయడం

పోయిన పాఠంలో లేబుల్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి కత్తెర పట్టుకుంటాం. అయితే కత్తెర చివర్లోనే, అదీ కొలతలు దించుకున్న అట్ట మీద నమ్మకం కుదిరాకే.

మొదట ఒక సంగతి చెప్పాలి. మన కడపలో ‘పాత జాకెట్ చూసి కొత్తది కుట్టాలి’ అంటే ఏ టైలరైనా ‘లైనింగ్ వేయాలా, చేతులు పొట్టివా పొడుగువా’ అని అడుగుతాడు. ఆడవాళ్ల జాకెట్ అనుకుంటాడు పాపం. అందుకే నేను బయట ‘పైలట్ కోటు’ అనే చెబుతాను. ఈ పాఠాల్లో మాత్రం జాకెట్ అనే రాస్తాను, మీరు మన్నించాలి.

మనం నకలు తీస్తున్నది అమెరికా సైన్యపు వైమానిక దళం 1931లో ఖాయం చేసిన ఏ-2. దీనికి ముందు, 1927 నాటి ఏ-1కి గుండీలు, అల్లిక కాలర్ ఉండేవి. ఏ-2లో ఆ రెండూ పోయి జిప్పు, తోలు కాలర్ వచ్చాయి. 1943లో ఆ దళం అధిపతి జనరల్ ఆర్నాల్డ్ తోలు జాకెట్ల కొత్త కాంట్రాక్టులు ఆపించి గుడ్డ జాకెట్ల వైపు మళ్లించాడు. అంటే పన్నెండేళ్ల సరుకు. సైన్యం ఇచ్చిన డ్రాయింగ్ నంబరు ఒకటే, 30-1415. కానీ కుట్టిన కంపెనీలు చాలా. ఏరో లెదర్, రఫ్ వేర్, డుబో, పెర్రీ... ఒక్కొక్కరి కాలర్ ఒక్కో రకం, జేబు మూత మూలలు ఒక్కో రకం. కాబట్టి ‘ఏ-2 పాటర్న్’ అనేది ఒకటి లేదు. మీ ముందున్న జాకెట్ పాటర్న్ ఉంది, అంతే. రెండు కంపెనీలవి చూసి కలిపి ఒకటి కుట్టారా, అది అటూ ఇటూ కాకుండా పోతుంది.

ఇక పని. పాత జాకెట్‌ను విప్పకూడదు. గుండుసూది గుచ్చకూడదు, టేపు అంటించకూడదు. గుడ్డకు పడిన సూది బెజ్జం ఉతికితే పూడుతుంది, తోలుకు పడింది ఎప్పటికీ ఉంటుంది. టేపు లాగితే ఎనభై ఏళ్ల రంగు పొరగా లేచి వస్తుంది. డైనింగ్ టేబుల్ మీద పరిచే పారదర్శక ప్లాస్టిక్ షీటు ఒక మీటరు తెచ్చుకోండి. చిన్న గుడ్డ సంచుల్లో బియ్యం పోసి మూతి కుట్టండి, ఆరేడు చాలు. జాకెట్‌ను నీడపట్టున బల్ల మీద ఉంచి, ఒక్క ముక్కనే చదునుగా పరచండి. మిగతాదంతా వదులుగా పక్కకు పడనివ్వండి. షీటు వేసి, సంచులు పెట్టి, కుట్టు గీత వెంట మార్కర్‌తో గీయండి. ఇంకు ఆరేదాకా షీటును కదపొద్దు. జేబు పై మూల ఎక్కడుంది, భుజం పట్టీ ఎక్కడ మొదలైంది, ఇవి కూడా గుర్తు పెట్టుకోవాలి. నడుము దగ్గర అల్లిక పట్టీ తోలును ముడుచుకునేలా లాగేస్తుంది. అక్కడ అల్లికను కొలవకండి, ముడత తీసి తోలును కొలవండి.

వీపు ఒకే ముక్క. అది తేలిక. చేతుల దగ్గరే తిప్పలు. ఎవరో కుర్రవాడు ఏళ్ల తరబడి వేసుకుని తిరిగిన చెయ్యి అది. మోచేయి దగ్గర బుడగలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు కంపెనీ కోసింది కాదు, ఆ కుర్రవాడి మోచెయ్యి చేసింది. దాన్ని కూడా గీసేస్తే మీ కొత్త జాకెట్‌కు పుట్టుకతోనే పాత మోచెయ్యి వస్తుంది. కుడి ఎడమ రెండూ విడివిడిగా గీసి, ఒక షీటును తిరగేసి రెండోదాని మీద పెట్టండి. ఎక్కడ కలవలేదో అక్కడ అరుగుదల ఉన్నట్టు. మధ్యస్థంగా గీత తీసుకోండి. తర్వాత పురికొసతో చంక చుట్టుకొలత, చెయ్యి తల (చంకకు కలిపి కుట్టే పై అంచు) చుట్టుకొలత సరిచూడండి. చొక్కాకైతే తేడాను ఇస్త్రీతో, సర్దుబాటుతో లాక్కోవచ్చు. తోలు అంతగా లొంగదు. అర అంగుళం మించి తేడా వస్తే మళ్లీ గీయడమే.

ఈ గీతలు కుట్టు గీతలు, కోత గీతలు కావు. చుట్టూ కుట్టుకు చోటు కలిపి అట్ట కోయాలి. నేను 3/8 అంగుళం కలుపుతాను. అట్టతో ముందు పాత దుప్పటి మీద కోసి, పెద్ద కుట్టు వేసి, వేసుకుని చూడండి. చేతులు ముందుకు చాపండి, కుర్చీలో కూర్చోండి. ఏ-2 కూర్చునే మనిషి కోసం చేసిన పొట్టి జాకెట్. నిలబడితే కాస్త పొట్టి అనిపిస్తే కంగారుపడి పొడుగు పెంచకండి.

తోలు సంగతి. అసలువి ఎక్కువగా గుర్రపు తోలు. మేకతోలువీ ఉన్నాయి. మనకు మేకతోలే దారి. కడపలో రైలెక్కితే మద్రాసు, అక్కడ పెరియమేట్‌లో చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. మందం ఒక మిల్లీమీటరు దగ్గర అడగండి. తంగేడు పట్టతో ఊరబెట్టిన పాత పద్ధతి తోలు దొరికితే ఇంకా మేలు, వాడేకొద్దీ రంగు తిరుగుతుంది. ఒకాయన నన్ను ‘నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ల దగ్గర తెచ్చుకోరాదా’ అన్నాడు. అది వేరే తోలు. ఊరబెట్టింది కాదు, వెలుతురు పోయేలా సాఫు చేసి ఎండబెట్టింది. బొమ్మకు అద్భుతం, జాకెట్ చేస్తే అప్పడంలా విరుగుతుంది.

తోలును మడిచి రెండు ముక్కలు ఒకేసారి కోయకూడదు. ఒక్కొక్కటి కోయాలి, రెండోదానికి అట్ట తిరగేయాలి. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నా మొదటి జాకెట్‌కు అట్ట తిరగేయడం మరిచాను. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. దాన్ని చూసిన మా వీధి చెప్పులు కుట్టే పెద్దాయన, ‘ఏమప్పా, ఈ ఎండల్లో ఇది వేసుకునేదే ఎక్కువ, మళ్లా రెండూ ఎడమ చేతులేనా?’ అన్నాడు. ఆయన దగ్గరే రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, అంచులు పలచన చేయడం నేర్చుకున్నాను. కుట్టు మడత పడే చోట అంచు సగానికి పలచన కాకపోతే మిషను సూది అక్కడే విరుగుతుంది.

కోసే ముందు తోలును వెలుతురులో పెట్టి మచ్చలు, ముల్లు గీతలు సుద్దతో గుర్తించండి. వెన్ను వెంట తోలు గట్టి, పొట్ట వైపు సాగుతుంది. మొదట వీపు ముక్కకు పెద్ద తోలు ఎంచండి, అది దొరికితే మిగతావి సర్దుకుంటాయి. చేతుల పొడుగు వెన్ను వెంటే రావాలి. సాగే పొట్ట భాగాన్ని లోపలి పట్టీలకు తోయండి.

మరొక్కటి. జేబుకు పై మూత తప్ప పక్క నుంచి చెయ్యి పెట్టే దారి ఉందంటే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఏ-2 కాదు. అమెరికా వైమానిక దళం 1988లో ఈ జాకెట్‌ను మళ్లీ తెచ్చింది, పక్క జేబులు ఆ తర్వాతి వాటిలో వచ్చాయి. ‘అసలుది’ అని ఎవరైనా అమ్మజూపితే ముందు అక్కడ చెయ్యి పెట్టి చూడండి. మనం చేసే నకలు లోపల, లైనింగ్ కింద, మీ పేరు, సంవత్సరం చెరగని ఇంకుతో రాయండి. రేపు మీ మనవడు దాన్ని అసలుదని అమ్మకుండా ఉంటాడు.

వచ్చే పాఠానికి రెండు చేతుల అట్టలు, దుప్పటితో కుట్టిన నమూనా సిద్ధంగా ఉంచుకోండి. ఇత్తడి పళ్ల జిప్పు కొనకండి, ఏది కొనాలో అప్పుడు చెబుతాను.