బొల్లి మచ్చ మీద రంగు: ఒక క్యాషియర్ చెప్పే పద్ధతి

మాది ఖమ్మం. బ్యాంకులో క్యాష్ కౌంటర్ నాది. పెదవి మూల, గడ్డం మీద, కుడిచేతి వేళ్ళకు బొల్లి ఉంది. అంటే జనం చూసే చోటల్లా అన్నమాట. మేకప్ అంటే ఆడవాళ్ళ వ్యవహారం అనుకునే మగవాళ్ళ కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. ప్రతి తెల్లమచ్చా బొల్లి కాదు. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే తెల్లబడితే స్టిక్కర్ జిగురు పని కావచ్చు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది వేరే సంగతి, అసలు ఆలస్యం చేయకూడదు. బొల్లి అని తేలితే వైద్యం నడుస్తుండగానే రంగు వేసుకోవచ్చు. ఆయింట్‌మెంట్ ఎప్పుడు రాయాలో, రంగు ఎప్పుడు వేయాలో డాక్టరునే అడగండి.

ముఖానికి రాసే మామూలు ఫౌండేషన్ క్రీము పలచన, దాంతో మచ్చ దాగదు. కామోఫ్లాజ్ క్రీమ్, అంటే మచ్చలు దాచే క్రీము అని అడగాలి, అందులో రంగు శాతం చాలా ఎక్కువ. ముఖం మీద ఎర్రటి పుట్టుమచ్చ ఉన్న లిడియా ఓలియరీ అనే అమెరికా ఆవిడ ఇలాంటి క్రీముకే 1932లో పేటెంట్ తెచ్చుకుంది. నేను వాడేది క్రయోలాన్ కంపెనీ వాళ్ళ డెర్మాకలర్. షేడ్‌ను షాపు లైట్ల కింద చూసి కొనకండి. మచ్చ అంచున కాస్త అద్దుకుని, గుమ్మం బయటికొచ్చి ఎండ వెలుతురులో చూడండి. మన చామనఛాయకు ఒక్క డబ్బా సరిపోవడం అరుదు, రెండు షేడ్లు కలపాల్సి వస్తుంది. ఎండాకాలంలో ఒంటి రంగు మారితే పాళ్ళూ మారతాయి.

గడ్డం గీసుకుని ముఖం కడిగాక సన్‌స్క్రీన్ రాసి ఆరనివ్వండి. మచ్చ చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, కాబట్టి దీన్ని మానొద్దు. బియ్యపు గింజంత క్రీము వేలి మీద వెచ్చబెట్టి, అద్దండి. రుద్దితే ఒకచోట పోగుపడుతుంది. పలచగా ఒక పొర, అది నిలిచాక ఇంకోటి. అంచులు పక్క చర్మంలోకి కలిసిపోవాలి. తర్వాత పౌడరు పఫ్‌తో ధారాళంగా ఒత్తి, పది నిమిషాలు వదిలేసి, మెత్తటి బ్రష్‌తో దులపండి. ఇక చెమటకు అంత తేలిగ్గా పోదు.

మగవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. రంగు వేసిన చోట గడ్డం మరీ నున్నగా కనిపించి, చూసేవాళ్ళకు తేడా పట్టిస్తుంది. పెద్ద రంధ్రాల స్పాంజికి కాస్త ముదురు రంగు అంటించి చుక్కలు చుక్కలుగా తాకిస్తే గీసుకున్న గడ్డంలాగే ఉంటుంది.

వేళ్ళకు ఈ క్రీము దండగ. నోట్లు లెక్కపెట్టాలి, మాటిమాటికీ చేతులు కడగాలి, మధ్యాహ్నం పప్పన్నం కలుపుకోవాలి. అక్కడ సెల్ఫ్ టానర్ నయం, అంటే డీహెచ్ఏ అనే పదార్థంతో చర్మం పైపొరకు గోధుమరంగు తెప్పించే క్రీము. రాత్రి దూదిపుల్లతో మచ్చ మీద మాత్రమే రాస్తే పొద్దుటికి రంగు తేలి కొన్నాళ్ళుంటుంది. ఎండ నుంచి మాత్రం కాపాడదు.

రాత్రి కొబ్బరినూనె రాసి, కరిగాక మెత్తటి గుడ్డతో తీసేయండి. తోమితే, రాపిడి తగిలిన చోటే కొత్త మచ్చలు రావచ్చు, బొల్లికి ఆ గుణం ఉంది.

మనసు సంగతి. రంగు వేసుకున్నాక జనం చూపుల టెన్షన్ తగ్గుతుంది, నిజమే. కానీ ‘మచ్చ కనిపిస్తుందేమో’ పోయి ‘రంగు చెరిగిందేమో’ పట్టుకుంటుంది. గంటగంటకూ అద్దం చూసుకుంటున్నారంటే అదే. అందుకని రంగు లేకుండా వెళ్ళే చోటు ఒకటి పెట్టుకోండి. నాకది వీధి చివరి టీ బండి. అక్కడ అలవాటయ్యాక కూరగాయల మార్కెట్టు, ఆ తర్వాత చుట్టాలిళ్ళు. చుట్టాలే కష్టం, సలహాలు వాళ్ళ దగ్గరే ఎక్కువ. “ఏమైంది బాబూ?” అంటే చెప్పడానికి ఒక్క ముక్క సిద్ధంగా ఉంచుకోండి. “బొల్లి అండీ, అంటుకోదు” అని నేనే మాట మార్చేస్తాను.

పెళ్ళిచూపులకు మాత్రం రంగు వేసుకుని వెళ్ళొద్దు. దాచి చేసుకున్న పెళ్ళిలో ఆ డబ్బా ఎక్కడ పెట్టాలన్నదే రోజూ ఒక బెంగ అవుతుంది. సంబంధం మాట్లాడే రోజే పెద్దవాళ్ళతో చెప్పించండి.

నిద్ర పట్టక, నలుగురిలోకి వెళ్ళబుద్ధి కాక రోజులు గడుస్తుంటే దానికి క్రీము చాలదు. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.